అద్దముమీది చేవ్రాలు

 

నేను ముప్పదియైదేండ్లు గ్రామపాఠశాలలయందు తెలుగు చెప్పి విశ్రాంతిగొన్నవాడను. నాయొద్ద చదివిన పిల్లలకు ఏటేట ఒక మాట తప్పక చెప్పుచుంటిని: "నాయనలారా! చదువు మీకు కొలువు నిచ్చునో ఈయదో నే నెరుగను. ఏ కాగితమున వ్రాలు చేయుచున్నారో తెలిసికొను శక్తిని మాత్రము తప్పక యిచ్చును. దానిని పోగొట్టుకొనకుడు." ఇట్లు పరులకు చెప్పిన నేనే గడచిన యేట ఒక పత్రమును చదువక, చూడక, అది పత్రమని కూడ నెరుగక, దానికి వ్రాలు చేసితిని. ఆ సంగతిని దాచుకొనుటకంటె పదిమందికి చెప్పుటయే మేలని తలచి నేటి ప్రసంగమునకు ఈ విషయమును గైకొంటిని.

నా మనుమనికి పదునారేండ్లు. పట్టణమున జరుగు పరుగుపందెములో పది కిలోమీటర్లు పరుగెత్తవలెనని వానికి కోరిక కలిగెను. పూర్వమువలె అట్టివానికి చీటి వ్రాసి పంపుట, రుసుము మనియార్డరు చేయుట యిప్పుడు లేదు. పేరు, వయస్సు, రుసుము సమస్తమును సెల్‌ఫోనులోనే జరిగిపోవును. వాని తండ్రి ఉద్యోగరీత్యా దూరమున నుండుటచే సంరక్షకుని స్థానమున నా పేరును, నా ఫోను సంఖ్యను వ్రాసెను. నేను వసారాలో కూర్చుండి పత్రిక చదువుకొనుచుండగా లోపలినుండి, "తాతయ్యా! మీ ఫోనుకు ఆరంకెల సంఖ్య యొకటి వచ్చియుండును, చదివి చెప్పండి" అనెను. కండ్లద్దములు సవరించుకొని చదివి చెప్పితిని. వాడు "అయిపోయినది" అనెను. నేను మరల పత్రికలో పడితిని.

రెండు దినములకు మా కోడలు వచ్చి, "మామయ్యగారూ! పిల్లవానికి చలికాలమున ఉబ్బసము వచ్చునని ఆ పందెమువారికి వ్రాసినారా?" అని అడిగెను. "నేను వారికేమియు వ్రాయలేదమ్మా" అంటిని. అంత నామె ఫోనులోని కాగితమును నాకు చూపెను. దానిని ఊరిలోని దుకాణమున అచ్చు తీయించి చదువగా నాలుగు పుటలయ్యెను. మూడవ పేరాలో, ఈ పరుగెత్తువానికి గుండెజబ్బు గాని ఊపిరితిత్తుల జబ్బు గాని లేదని యున్నది. ఐదవదానిలో, ఏమి జరిగినను, నిర్వాహకుల అజాగ్రత్తవలన జరిగినను, మేము గాని మా వారసులు గాని వ్యాజ్యము వేయమని యున్నది. ఏడవదానిలో, బాలుని ఛాయాచిత్రములను ప్రకటనలకు వాడుకొనవచ్చునని యున్నది. అడుగున సంరక్షకుడని నా పేరు, తేది, గంట, నిమిషము, సెకను. నేను పలికిన ఆ ఆరంకెలే నా చేవ్రాలు!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను పలికిన అబద్ధము చిన్నది కాదు. అది పసివాని ఊపిరికి సంబంధించినది.

ఇట్టి కాగితమును ఆంగ్లమున వేవరు అందురు. మన పెద్దలకు దీని స్వరూపము క్రొత్తది కాదు. అప్పు తీరినపిమ్మట ఋణదాత "ఇక నీపై నాకు హక్కు లేదు" అని వ్రాసి యిచ్చు ఫారఖతును మీరెరుగుదురు. ఇదియు ఒక విధమైన ఫారఖతే. భేద మొక్కటి కలదు. ఫారఖతు జరిగిపోయిన దానినిగూర్చి వ్రాయుదురు. దీనిని జరుగబోవు దానినిగూర్చి ముందుగానే వ్రాయించుకొందురు. ఏమి జరుగునో తెలియక మునుపే హక్కు విడుచుకొనుట గనుక దీనియందు మరింత జాగరూకత కావలెను.

మొదట వ్రాలు అననేమో విచారింతము. వ్రాలులో మూడు సంగతు లిమిడియున్నవి. చేసినవా డెవడో తెలియవలెను. అందులో నున్నదానికి వాడు సమ్మతించెనని తెలియవలెను. వ్రాలు పడిన తరువాత ఆ పత్రమును ఎవరును మార్చలేదని తెలియవలెను. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున లేఖ్యప్రకరణము కలదు. పత్రమున సంవత్సరము, మాసము, పక్షము, దినము, పేరు, గోత్రము ఉండవలెననియు, ఋణము గొన్నవాడు తన తండ్రిపేరు చెప్పి, పైన వ్రాసినది తనకు సమ్మతమని స్వహస్తముతో వ్రాయవలెననియు అందు విధింపబడినది. స్వహస్తముతో వ్రాసిన పత్రము సాక్షులు లేకున్నను ప్రమాణమే గాని, బలాత్కారముచేత గాని మోసముచేత గాని వ్రాయించినది ప్రమాణము కాదని కూడ అందే కలదు. ఆ గ్రంథమునకు విజ్ఞానేశ్వరుడు చేసిన వ్యాఖ్యను ఆధారముగా గొని తిక్కన కాలమువాడైన కేతన మన తెలుగున విజ్ఞానేశ్వరీయమును రచించెను. కావున సమ్మతి లేని వ్రాలు వ్రాలు కాదను న్యాయము మన కెవరో క్రొత్తగా నేర్పినది కాదు.

చదువురానివారి సంగతి యేమి? వారికి నిశాని, వ్రేలిముద్ర. 1858లో వంగదేశమున విలియము హెర్షెల్ అను దొర, రాజ్యధర కోనాయి అను గుత్తదారునిచేత ఒడంబడిక కాగితముపై అరచేతి ముద్ర వేయించెను. ముద్ర వేసినవాడు తరువాత కాదనజాలడని ఆయన తలంపు. 1877లో ఆయనయే హుగ్లీలో పింఛను చెల్లింపులకును రిజిస్ట్రేషనుకును వ్రేలిముద్రలను ప్రవేశపెట్టెను. నేడు మనము చౌకధరల దుకాణమున యంత్రముపై వ్రేలు పెట్టి బియ్యము తెచ్చుకొనుచున్నాము. ఇది కోనాయి అరచేతికి మునిమనుమడే. అయితే దుకాణములోని వ్రేలిముద్ర "నేను నేనే" అని మాత్రము చెప్పును. ఏ షరతునకును సమ్మతి చెప్పదు. సెల్‌ఫోనులోని ఆరంకెలు కొన్ని యెడల "నేను నేనే" అని చెప్పును, కొన్ని యెడల "నాకు సమ్మతము" అనియు చెప్పును. ఏ సమయమున ఏది చెప్పుచున్నదో తెలియకపోవుటయే నాకు కలిగిన ముప్పు.

ఇక మన దేశపు చట్టమేమనుచున్నది? 2000 సంవత్సరమున సమాచార సాంకేతిక చట్టము వచ్చెను. ఆ యేటి అక్టోబరు 17వ తేదినుండి అది అమలులో నున్నది. దాని 5వ సెక్షను, చేతివ్రాలు కావలసినచోట చట్టము చెప్పిన రీతిని చేసిన ఎలక్ట్రానిక్ సంతకము చెల్లునని చెప్పుచున్నది. 2008లో ఆమోదింపబడి 2009 అక్టోబరునుండి అమలైన సవరణ 10ఏ అను సెక్షనును చేర్చినది. ఒడంబడిక ఎలక్ట్రానిక్ మార్గమున జరిగినదను ఒక్క కారణముచేతనే చెల్లకపోదని దాని భావము. అమెరికాలో ఇట్టి చట్టము 2000 జూనులోనే వచ్చినది. ఐరోపా సమాఖ్యవారు 2014లో నిబంధన చేసి 2016నుండి అమలు జరిపిరి. మన చట్టమునందు కొన్నిటికి మినహాయింపు కలదు. వీలునామాను ఫోనులో వ్రాలు చేసిన చెల్లదు. దానికి కాగితము, చేవ్రాలు, ఇద్దరు సాక్షులు కావలసినదే. ఈ సంగతిని పెద్దలు ముఖ్యముగా గుర్తుంచుకొందురు గాక.

ఎలక్ట్రానిక్ సంతకములన్నియు ఒకే బలము కలవి కావు. వానిని మెట్లుమెట్లుగా చెప్పెదను. గడిలో టిక్కు పెట్టుట మొదటిది. పేరు టైపు చేయుట రెండవది. అద్దముపై వ్రేలితో గీయుట మూడవది. ఫోనుకు వచ్చిన సంఖ్యను చెప్పుట నాలుగవది. 2015నుండి వచ్చిన ఆధార్ ఈ-సైన్ ఐదవది. ప్రభుత్వ నియంత్రణకు లోబడిన ధ్రువీకరణ సంస్థ ఇచ్చు డిజిటల్ సంతకము ఆరవది. చివరి రెండిటికే చట్టము సంతకమను గౌరవస్థానము నిచ్చి, వాని పక్షమున కొన్ని అనుమానములు పొందవచ్చునని న్యాయస్థానములకు చెప్పినది. మొదటి నాలుగును నిరర్థకములు కావు. అవి సమ్మతికి గుర్తులు. కాని, వానిని ఎవరు చేసిరి, ఏ పాఠమునకు చేసిరి అను సంగతిని వాటిని నమ్ముకొన్నవారే ఋజువు చేయవలెను. పందెములవారు సాధారణముగా వాడునది ఈ మొదటి నాలుగే.

డిజిటల్ సంతకము పనిచేయు రీతి ముచ్చటైనది. పత్రములోని అక్షరము లన్నిటిని గణితముచే నలిపి ఒక సారసంఖ్య తీయుదురు. ఒక్క అక్షరము మార్చినను, "ఇత్తును" అనుదానిని "ఈయను" అని దిద్దినను, ఆ సంఖ్య పూర్తిగా వేరగును. ఆ సారసంఖ్యకు సంతకము చేయువానియొద్ద మాత్రమే యుండు రహస్యపు తాళపుచెవితో ముద్ర వేయుదురు. లోకమునకంతకు తెలిసిన రెండవ తాళపుచెవితో ఎవరైనను ఆ ముద్రను పరీక్షింపవచ్చును గాని, దానితో ముద్ర వేయజాలరు. రివెస్ట్, షమీర్, ఎడిల్‌మన్ అను మువ్వురు 1977లో ఇట్టి పద్ధతి నొకదానిని కనుగొనిరి. వారి పేర్ల మొదటి అక్షరములతో దానిని ఆర్.ఎస్.ఏ. అందురు. పూర్వము కరణముగారు దస్తావేజులో కొట్టివేతలున్నచో ప్రక్కన వ్రాలు చేయించెడివారు కదా! ఆ పనినే ఇచ్చట గణితము చేయుచున్నది. టిక్కు పెట్టిన గడికి ఈ రక్షణ తనంతట రాదు. నేడు మీరు చూచిన షరతును వారు రేపు మార్చినచో, మీరు ఏ పాఠమునకు సమ్మతించితిరో చెప్పుటకు మీయొద్ద నకలు ఉండవలెను.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. "అజాగ్రత్తవలన ఏమి జరిగినను అడుగము" అని వ్రాలు చేసినంతమాత్రమున మన హక్కు లన్నియు పోవునా?

పోవు. అట్లని కాగితము వట్టిది కూడ కాదు. రెండును వివరించెదను. పరుగున కాలు బెణకుట, ఎండకు సొమ్మసిల్లుట, ప్రక్కవాడు తగిలి పడుట, ఇవి ఆ ఆటకు సహజములైన ఆపదలు. వానిని తెలిసి అంగీకరించితినని వ్రాసి యిచ్చిన పిమ్మట నిర్వాహకులను నిందించుట కష్టము. అది న్యాయము కూడ. కాని త్రాగునీరు పెట్టకుండుట, వాహనములు తిరుగు దారిని కట్టడి చేయకుండుట, వైద్యుని ఏర్పాటు చేసితిమని చెప్పి చేయకుండుట ఆటకు సహజములు కావు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 23వ సెక్షను ప్రజాక్షేమమునకు విరుద్ధమైన ఒడంబడిక చెల్లదనుచున్నది. న్యాయస్థానమునకు పోవు హక్కును పూర్తిగా అడ్డగించు ఒడంబడిక ఆ మేరకు చెల్లదని 28వ సెక్షను చెప్పుచున్నది. 2019 నాటి వినియోగదారుల సంరక్షణ చట్టము అన్యాయపు ఒడంబడికలను నిర్వచించి, వానిమీద రాష్ట్ర కమిషనునొద్ద ఫిర్యాదుకు మార్గము చూపినది. ఇంగ్లండున 1977 చట్టము మరింత స్పష్టముగ, వ్యాపారము చేయువాడు తన అజాగ్రత్తవలన కలిగిన మరణమునకును దేహగాయమునకును బాధ్యతను ఏ కాగితముతోను తప్పించుకొనజాలడని శాసించినది. మన దేశమున అంత తెగవేసి చెప్పిన వాక్యము లేదు గనుక, ఏ షరతు నిలుచునో ఏది నిలువదో ఆయా వ్యాజ్యమునుబట్టి న్యాయస్థానము తేల్చవలసియుండును.

బాలుర సంగతి వేరు. పదునెనిమిదేండ్లు నిండనివాడు ఒడంబడికకు అర్హుడు కాడు. మోహరీ బీబీ వ్యాజ్యమున 1903లో ప్రివీ కౌన్సిలు, బాలుడు చేసిన ఒడంబడిక మొదటినుండియు లేనట్లే యని తీర్పు చెప్పినది. కావున పిల్లవాడు టిక్కు పెట్టినచో అది నీటిమీది వ్రాత. అందువలననే సంరక్షకుని వ్రాలు అడుగుదురు. సంరక్షకుని వ్రాలు, "ఈ యాటలోని ఆపదలు నాకు తెలియును, పిల్లవానిని పంపుచున్నాను, వాని ఆరోగ్యమునుగూర్చి చెప్పినది నిజము" అను సంగతులకు సాక్ష్యమగును. అంతేగాని బాలుని సొంత హక్కును అది తుడిచివేయునని గట్టిగా చెప్పుటకు వీలులేదు. నేను నా మనుమని హక్కును అమ్ముకొంటినేమో యని మొదట భయపడితిని. విచారింపగా నా తప్పు అది కాదు. వాని ఆరోగ్యమునుగూర్చి వైద్యునికి తెలియవలసిన నిజమును నా చేతితో మూసివేసితిని. వాడు దారిలో ఊపిరాడక కూలినచో, వాని పేరు చూచి జబ్బేమియు లేదని చదివికొను వైద్యుడు ఏమి చేయగలడు? న్యాయస్థానము తరువాతి మాట. ఊపిరి ముందటి మాట.

మరునాడే నేను నిర్వాహకులకు ఉత్తరము వ్రాయించితిని. బాలునికి ఉబ్బసము కలదనియు, మొదటి ప్రకటన తెలియక చేసినదనియు, ఛాయాచిత్రముల వాడుకకు నా సమ్మతి లేదనియు వ్రాసితిని. వైద్యునియొద్దకు పిల్లవానిని తీసికొనిపోతిని. ఆయన పరీక్షించి, పది కిలోమీటర్లు ఈ యేడు వద్దు, ఐదు చాలును, పీల్చు మందు జేబులో నుండవలెనని చెప్పెను. నిర్వాహకులు ఐదు కిలోమీటర్లకు మార్చిరి. పిల్లవాని సంఖ్యాపత్రము వెనుక వాని జబ్బును, మా ఫోను సంఖ్యను వ్రాయుమని సలహా చెప్పిరి. ఛాయాచిత్రముల మాటకు మాత్రము బదులు రాలేదు. మనుమడు రెండు దినములు నాతో మాటాడలేదు. పందెమునాడు ఐదు కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి, పతకమును నా చేతికిచ్చి, "తాతయ్యా! వచ్చే యేడు కాగితము మీరే చదవండి" అనెను. నాకు అది చాలును.

ఇక మీకు విన్నవించునవి కొన్ని మాటలు.

ఫోనుకు వచ్చిన సంఖ్యను ఇంటివారడిగినను "ఇది దేనికి?" అని అడుగక చెప్పరాదు. అడుగుట అపనమ్మకము కాదు, పెద్దరికము. కాగితము ఆంగ్లమున నున్నచో పిల్లలచేత చదివించి, తెలుగున అర్థము చెప్పించుకొనుడు. ఒక్క వాక్యము వారికి తెలియకున్నను, తెలిసినవారు దొరకువరకు ఆగుడు. పందెము పోయిన మరుసటేడు మరల వచ్చును. ఆరోగ్యమునుగూర్చిన ప్రశ్నలకు నిజమునే వ్రాయుడు. వయస్సు వచ్చిన కొడుకు బదులుగా గాని, కోడలి బదులుగా గాని మీరు టిక్కు పెట్టకుడు. అది వారి వ్రాలు కాదు. పని ముగిసిన వెంటనే నకలు తీయించి, తేది వ్రాసి, దస్తావేజులతోపాటు భద్రపరచుడు.

మన గ్రామములందు యువజనులు సంక్రాంతికి కబడ్డీలు, పరుగులు జరుపుచున్నారు. వారును ఇప్పుడు ఫోనులోనే పేర్లు వ్రాయించుకొనుచున్నారు. వారికి పెద్దలుగా మీరు చెప్పవలసినది కలదు. షరతులను రుసుము గొనకముందే తెలుగున చూపవలెను. గడిలో టిక్కు ముందుగానే పెట్టియుంచరాదు. ఆపదలకు సమ్మతి వేరు, ఛాయాచిత్రములకు సమ్మతి వేరు. రెండిటిని ఒకే గడిలో బిగింపరాదు. ఎవరు ఏ దినమున ఏ పాఠమునకు సమ్మతించిరో లెక్క ఉంచి, నకలు వారికి పంపవలెను. 2024 జూలై 1వ తేదినుండి పాత సాక్ష్య చట్టమునకు బదులుగా భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినది. ఎలక్ట్రానిక్ లెక్కలను న్యాయస్థానమున చూపుటకు దాని 63వ సెక్షను క్రింద ధ్రువపత్రము కావలెను. ఇంత శ్రమ చేయలేనివారు, నలుబదిమంది పిల్లల పందెమునకు, కాగితముపై తండ్రి వ్రాలు, సాక్షి వ్రాలు తీసికొనుట మేలు. అన్నిటికంటె ముఖ్యము, కాగితము వ్రాయించుకొంటిమి గదా యని నీటికుండను, మందులపెట్టెను మరువరాదు. వేవరు గాయమునకు కట్టు కట్టదు.

పూర్వము దస్తావేజునకు కరణముగారి యింటికి పోవలసియుండెను. ఆ నడకలో ఆలోచించుకొనుటకు సమయముండెను. దస్తావేజు చదివి వినిపించువారును ఉండిరి. 1984లో ఆ పదవులు పోయినవి. ఇప్పుడు దస్తావేజే మన జేబులోనికి వచ్చినది, నడక పోయినది, చదివి వినిపించువాడు పోయెను. ఆ రెండిటిని మనమే మన యింట తిరిగి ఏర్పరచుకొనవలెను. అద్దముపై వ్రేలు మోపుటకు ముందు ఒక నిమిషము ఆగుట మన నడక. పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదివించుట మన కరణీకము.